వెల్డింగ్ వద్దన్నాను కదా బాబూ!

ఇప్పుడే ఆటోనగర్ నుంచి వచ్చాను, చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోలేదు, ఇది రాస్తే గానీ అన్నం దిగేలా లేదు. నా పడవ మాస్ట్, అదే తెరచాప కట్టే అల్యూమినియం గొట్టం, ఇరవై అడుగులది, మధ్యలో మడతపడి పగులిచ్చింది. వెల్డర్‌కి ఒక్కటే చెప్పాను: పగిలిన చోట నీటుగా కోసి, లోపల బిగుతుగా దూరే ఇంకో గొట్టం దూర్చి రెండు పక్కలా రివెట్లు కొట్టాలి, వెల్డింగ్ మాత్రం వద్దు, ఇవాళ్టికి కొలత తీసుకో చాలు. సరే సార్ అన్నాడు. టీ తాగొచ్చేసరికి, పది నిమిషాలండీ, చుట్టూ బొటనవేలంత లావున వెల్డింగ్ లాగించేసి సుత్తితో టంగుటంగున కొట్టి చూపిస్తున్నాడు. "చూడండి సార్, జన్మలో విరగదు!"

అదేటి గురూ, ఇదేమైనా ఇంటి గేటా? ఈ రకం అల్యూమినియానికి ఫ్యాక్టరీలో వేడి చేసి చల్లార్చి బలం ఎక్కిస్తారు. వెల్డింగ్ సెగ తగిలిన మేర ఆ బలం దిగిపోద్ది, దాదాపు సగానికి. అతుకు బానే ఉంటది, దాని పక్కనే మెత్తబడి వంగుద్ది, అదీ గాలి జోరుగా ఉన్నప్పుడు, నా నెత్తిమీద. ఇదంతా చెప్తే "మేం లారీ బాడీలు కడతాం సార్" అన్నాడు. పైగా తొమ్మిది వందలు తీసుకున్నాడు. ఇచ్చాను కూడా, ఎందుకిచ్చానో నాకే తెలీదు.

ఆ లోపలి గొట్టం కోసం మూడ్రోజులు తిరిగాను. అల్యూమినియం షాపుకెళ్తే "ఎన్ని కిటికీలు సార్?" కిటికీలు కాదండీ, పడవకి. "పడవకి కిటికీలా?" పోనీ కొత్త గొట్టమే కొందామంటే పన్నెండడుగులే వస్తదంట, రెండు ముక్కలు అతికించుకోమని సలహా. అతికించుకోడానికైతే నా దగ్గర ఆల్రెడీ రెండు ముక్కలున్నాయి కదయ్యా! 1948లో జల ఉష అనే ఓడని కట్టి నీళ్ళలోకి దించిన మా వైజాగ్, సబ్‌మెరైన్‌ని ఒడ్డుకి లాగి మ్యూజియం పెట్టిన ఊరు, బీచ్ రోడ్డు మీద విమానం నిలబెట్టిన ఊరు, నాకు మూడడుగుల గొట్టం ఇవ్వలేదు.

మధ్యలో తెలివైనవాళ్ళు. "కొత్త పడవ కొనెయ్యొచ్చు కదా" అంట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరదా పడవలకి జీఎస్టీ 40 శాతం బాబూ. రివాల్వర్లు, కూల్‌డ్రింకుల లైన్లో కూర్చోబెట్టారు మమ్మల్ని. నేను పదో చేయి మారిన పడవకి రంగేసుకుని తిరిగేవాణ్ణి, నేనూ అంబానీ ఒకటే అన్నమాట.

జాలరిపేటలో ఒక పెద్దాయన "సరుగుడు గెడ పెట్టెయ్ బాబూ, మేం పెట్టలేదా" అన్నాడు. మంచి మాటే, కానీ సరుగుడు బరువు తాతా, నాది పద్నాలుగడుగుల పడవ, అంత బరువు పైన పెడితే మొదటి గాలికే పల్టీ. వెదురైతే ఆలోచించొచ్చు అన్నాడు. ఇన్ని రోజుల్లో నా మాట పూర్తిగా విన్నది ఆయనొక్కడే, ఆ పైన గంటసేపు వాళ్ళ అల్లుడి కథ నేను విన్నాననుకోండి.

అసలు ఇది విరిగిందెలాగో తెలుసా? మా బావ. వాళ్ళ ఫ్రెండ్ ప్రీ-వెడ్డింగ్ షూట్‌కి పడవ కావాలన్నాడు, ఇచ్చాను, అక్క మొహం చూసి ఇచ్చాను. ఫొటోగ్రాఫర్‌గారికి పెళ్ళికూతురి మొహానికి అడ్డంగా ఒక వైరు కనిపిస్తోందంట, ఫ్రేమ్ పాడైపోతోందంట. బావ పిన్ను పీకేసి వైరు వదిలేశాడు. ఆ వైర్ల మీదే నిలబడుద్ది బావా మాస్ట్! కింద పాతలేదు దాన్ని, ఊరికే పైన ఆనించి ఉంటది! మెల్లగా ఒరిగి వెళ్ళి రాయి మీద పడింది. వీడియో ఉంది, పెళ్ళికొడుకు పరిగెత్తడం కూడా ఉంది. ఆ ఫొటోలు మాత్రం సూపర్ వచ్చాయని మొన్న కూడా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు, నాకు ఒక్క సారీ లేదు, పైగా "పాతది కదరా, ఎప్పటికైనా పోయేదే". నీ బైక్ కూడా పాతదే బావా, తీసుకెళ్ళి బొర్రా గుహల్లో తోసెయ్యనా?

సరే. వెల్డింగ్ ఉన్నంత మేరా కోసేసి మళ్ళీ మొదలెడతాను, ఒక అడుగు పొట్టైతే తెరచాప కత్తిరించుకుంటా. రెండున్నర అంగుళాల పైపు లోపల బిగుతుగా దూరే అల్యూమినియం గొట్టం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, మూడడుగులు చాలు. వెల్డర్ల నంబర్లు మాత్రం పంపొద్దు.