‘టీబీ కాదు’ అన్న కాగితం తరువాత

నెలల తరబడి దగ్గు తగ్గని పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు నుంచో విజయనగరం జిల్లా చీపురుపల్లి వైపు నుంచో తల్లిదండ్రులు ఆసుపత్రికి వస్తే, వైద్యుడికి ముందుగా తట్టేది టీబీయే. అందులో తప్పేమీ లేదు. మన ప్రాంతంలో అలా అనుమానించకపోతేనే తప్పు. గళ్ల పట్టడానికి డబ్బా ఇస్తారు. ఉమ్మడం చేతగాని పసివాడైతే పరగడుపున ముక్కులోంచి సన్నని గొట్టం వేసి, రాత్రంతా మింగిన గళ్లను కడుపులోంచి తీస్తారు. ట్రూనాట్ యంత్రం కొద్ది గంటల్లోనే జవాబు చెబుతుంది. ‘టీబీ లేదు’ అన్న కాగితం చేతికి రాగానే ఇంటిల్లిపాదికీ గుండె కుదుటపడుతుంది. దగ్గు మాత్రం తగ్గదు. మరో యాంటీబయాటిక్, మరో దగ్గు మందు, మళ్లీ నెబ్యులైజర్. టీబీ కాకపోతే ఆ ఊపిరితిత్తుల్లో ఉన్నదేమిటన్న ప్రశ్నను ఆ కాగితం మూసేస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న బిడ్డ విషయంలో ఆయుష్షును తేల్చేది సరిగ్గా ఆ ప్రశ్నే.

ఈ జబ్బును ప్రత్యేక వ్యాధిగా 1938లో అమెరికా వైద్యురాలు డోరతీ ఆండర్సన్ వర్ణించారు. ఏడో క్రోమోజోము మీద దీనికి కారణమైన జన్యువును 1989లో గుర్తించారు. ఆ జన్యువు చెడితే కణాల గోడల్లోంచి క్లోరైడు రాకపోకలు దెబ్బతిని, ఊపిరి గొట్టాల్లోని పలచని తేమ జిగురుగా చిక్కబడుతుంది, చెమటలో మాత్రం ఉప్పు విపరీతంగా పోతుంది. 1948 వేసవిలో న్యూయార్క్‌లో వడగాడ్పులు వీచినప్పుడు సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువగా ఉండటం చూసి, పాల్ డి శాంట్ అగ్నీస్ అనే వైద్యుడు చెమట సంగతి బయటపెట్టారు. చెమటలో క్లోరైడు లీటరుకు 60 మిల్లీమోల్స్ గాని అంతకు మించి గాని ఉంటే జబ్బు ఉన్నట్టేనన్న నేటి పరీక్షకు మూలం అదే. మే నెల ఉక్కపోతలో మన తీరప్రాంతపు పిల్లలు వాడిపోవడం అందరూ చూసేదే కాబట్టి ఆ గుర్తు ఇక్కడ ఎవరి కంటా పడదు. అయినా బిడ్డ నుదుటిని ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగులుతోందని, చెమట ఆరాక కణతల దగ్గర తెల్లటి పొడి అంటుకుని ఉంటోందని తల్లి చెబితే అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన జన్యువు అందితేనే వచ్చే జబ్బు ఇది. అందువల్ల మేనరికాలు ఇంకా ఆగని మన జిల్లాల్లో ‘అరుదైన జబ్బు’ అన్న మాటను కాస్త ఆచితూచి వాడాలి.

పేరు తేలడం ఒక ఎత్తయితే, ఆ తరువాత ఏళ్ల తరబడి సాగాల్సిన నిఘా మరో ఎత్తు. జిగురు పట్టిన ఊపిరితిత్తుల్లో పసితనంలో ఎక్కువగా స్టెఫైలోకాకస్ ఆరియస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే బాక్టీరియాలు కనిపిస్తాయి. వయసు పెరిగేకొద్దీ సూడోమోనాస్ ఎరుజినోసా వచ్చి చేరుతుంది. మొదటిసారి దొరికినప్పుడు అది చాలావరకు మందులకు లొంగే దశలోనే ఉంటుంది. టోబ్రామైసిన్ 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 28 రోజుల పాటు పీల్పిస్తే చాలామంది పిల్లల్లో తుడిచిపెట్టుకుపోతుంది. ఆ అదను తప్పితే బాక్టీరియా తన చుట్టూ జిగట పొర కట్టుకుంటుంది, ఇక దాన్ని పూర్తిగా వదిలించడం దాదాపు అసాధ్యం. ఇంగ్లాండులోని లీడ్స్ వైద్యులు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, గడిచిన ఏడాదిలో పరీక్షించిన నెలల్లో సగానికి మించి సూడోమోనాస్ దొరికితేనే అది తిష్ఠ వేసినట్టు. నెలనెలా కాకపోయినా కనీసం మూడు నెలలకొకసారైనా కల్చర్ (నమూనాలోని క్రిమిని ల్యాబులో ప్లేటు మీద పెంచి పోల్చుకునే పరీక్ష) చేయించని బిడ్డకు ఈ లెక్క వేయడమే కుదరదు. పేరు తెలియని క్రిమికి మందు మార్చి మార్చి ఇవ్వడం వైద్యం అనిపించుకోదు.

అంత చిన్న పిల్లల నుంచి నమూనా ఎలా తీయాలి? ఐదేళ్లలోపు పిల్లలు గళ్ల ఉమ్మరు, మింగేస్తారు. ఊపిరితిత్తుల్లోకి గొట్టం దించి కడిగి తీసే బ్రాంకోస్కోపీ మన దగ్గర ఎక్కడ అవుతుంది, విశాఖ పంపాల్సిందే కదా అన్నది తరచూ వినిపించే సమాధానం. నా దృష్టిలో ఇది సగమే నిజం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పిల్లలపై చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పసికందులుగా ఉన్నప్పటి నుంచి బ్రాంకోస్కోపీ ఫలితాన్ని బట్టి వైద్యం చేసిన పిల్లలకూ, మామూలు పద్ధతిలో గొంతు నమూనా, లక్షణాలు చూసి వైద్యం చేసిన పిల్లలకూ ఐదేళ్ల వయసులో సూడోమోనాస్ విషయంలో గాని ఊపిరితిత్తుల దెబ్బ విషయంలో గాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గొంతులో దూది పుల్ల పెట్టి తీసే నమూనా కొన్ని క్రిములను వదిలేస్తుందన్న మాట నిజమే. దానికీ మధ్యేమార్గం ఉంది. ముందు ఊపిరి గొట్టాలను తెరిచే సాల్బుటమాల్ ఇచ్చి, తరువాత గాఢమైన ఉప్పునీటిని నెబ్యులైజర్‌తో పీల్పించి, వీపు తట్టి కఫాన్ని కదిలిస్తే పసిపిల్లల్లోనూ నమూనా దొరుకుతుంది. వేల్స్‌లోని కార్డిఫ్ వైద్యులు 2018లో ప్రచురించిన పరిశీలనలో ఈ పద్ధతి దూది పుల్ల కంటే బాగా పనిచేసింది, బ్రాంకోస్కోపీతో పోల్చినా తీసిపోలేదు. కావలసినవి నెబ్యులైజర్, ఉప్పునీరు, ఓపికగల నర్సు లేదా ఫిజియోథెరపిస్టు. ఇవేవీ శ్రీకాకుళానికో విజయనగరానికో అందనివి కావు. నమూనా తీయడం యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే జరగాలి. మన దగ్గర ఎక్కువగా తారుమారయ్యేది ఈ వరుసే.

తీసిన నమూనా ల్యాబుకు చేరాక మరో చిక్కు ఉంది. సూడోమోనాస్‌ను పోల్చుకోవడం అంత కష్టం కాదు. ప్లేటు మూత తీయగానే మగ్గిన ద్రాక్షపళ్ల వాసన కొడుతుంది, చాలాసార్లు ఆకుపచ్చ రంగు చుట్టూ పాకి ఉంటుంది. జిగట రకమైతే ముద్దలు ముద్దలుగా, చీమిడిలా సాగుతుంది. కష్టమంతా దాని దాయాది లాంటి బర్ఖోల్డేరియాతోనే. అది మెల్లగా పెరుగుతుంది. రెండు రోజులకే ప్లేటు పారేసి ‘నార్మల్ ఫ్లోరా’ (మామూలుగా ఉండే క్రిములే) అని రాసిచ్చే ల్యాబుకు కనబడదు, కనబడినా సూడోమోనాస్ అని పొరపడే ప్రమాదం ఉంది. ఈ పొరపాటు ఖరీదు పెద్దది. సూడోమోనాస్‌కు పీల్పించే కోలిస్టిన్ మందుకు బర్ఖోల్డేరియా పుట్టుకతోనే లొంగదు. నెలల తరబడి మందు పీలుస్తున్నా బిడ్డ నీరసించిపోతుంటే, తప్పు మందుది కాదు, పేరుది. పైగా ఈ కుటుంబానికే చెందిన బర్ఖోల్డేరియా సూడోమాలై తడి నేలల్లో, వరిపొలాల మట్టిలో ఉంటుంది. వానాకాలంలో మెలియాయిడోసిస్ అనే తీవ్రమైన జబ్బు తెస్తుంది. మన దేశంలో ఆ కేసులు నమోదవుతూనే ఉన్నాయి. నాగావళి, వంశధార పరీవాహకంలో ఊడ్పుల కాలమంతా బురదలో తిరిగే కుటుంబాల పిల్లవాడి నమూనా మీద ‘బర్ఖోల్డేరియాను ప్రత్యేకంగా చూడండి, ప్లేటు ఐదు రోజులు ఉంచండి’ అని ఒక్క వాక్యం రాసి పంపడం వైద్యుడి చేతిలో పని.

క్రిమి ఏ జాతిదో తెలిసినా, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అది తేలాలంటే జన్యు ముద్రలు పోల్చాలి. 1996లో లివర్‌పూల్ పిల్లల ఆసుపత్రిలో చాలామంది రోగుల్లో ఒకే రకం సూడోమోనాస్ ఉందని అలా పోల్చబట్టే బయటపడింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటోందని అప్పుడు గ్రహించి, సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లలను ఒకచోట కూర్చోబెట్టడం మానుకున్నారు. మన జిల్లా ల్యాబుల్లో ఆ పోలిక కుదరకపోవచ్చు గాని, దాని నుంచి వచ్చిన జాగ్రత్తకు యంత్రం అక్కరలేదు. ఓపీ బల్ల మీద ఇద్దరి మధ్య ఎడం ఉంచవచ్చు, నెబ్యులైజర్ మాస్కు ఎవరిది వాళ్లకే ఉంచవచ్చు. ఇంట్లో నెబ్యులైజర్ గిన్నెను బోరు నీళ్లతో తొలిచి తడిగానే గూట్లో పెట్టడం మాన్పించవచ్చు. సూడోమోనాస్‌కు తడి కంటే ఇష్టమైన చోటు లేదు. గిన్నెను మరిగించి, బాగా ఆరబెట్టమని ఆ తల్లికి కూర్చోబెట్టి చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, కిక్కిరిసిన ఓపీలో దొరకనిది ఆ పది నిమిషాలే.

ఈ జబ్బు గురించి పత్రికల్లో వచ్చేదంతా కోట్ల ఖరీదు చేసే కొత్త మాత్రల చుట్టూ తిరుగుతుంది. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా రూ.50 లక్షల వరకు సాయం అందే ఏర్పాటు ఉంది, హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ఆ కేంద్రం. ఆ మాత్రల కోసం అడగాల్సిందే. కాని ఐరోపా పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఎఫ్508డెల్ అనే జన్యు మార్పు వాటా మన పిల్లల్లో అంత పెద్దది కాదు గనుక, మాత్ర వచ్చినా అందరికీ పనికిరాకపోవచ్చు. కల్చర్ ప్లేటు అందరికీ పనికొస్తుంది. ఇప్పుడు రెండు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి, వాటికి మైక్రోబయాలజీ విభాగాలున్నాయి. టీబీ గళ్లను ఊరి నుంచి ల్యాబుకు చేర్చే ఏర్పాటు ఏనాటి నుంచో నడుస్తోంది. అదే సంచిలో, చల్లగా ఉంచిన మరో డబ్బా ఎందుకు వెళ్లకూడదో నాకు అర్థం కాదు.

కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఉద్దానం పల్లెల్లో, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ అన్న మాట ఇప్పుడు బడి ముఖం చూడని వాళ్ల నోటా పలుకుతుంది. కిందటి సంక్రాంతికి ఎంత, ఈ సంక్రాంతికి ఎంత అని పాలిథీన్ కవర్లోంచి కాగితాలు తీసి వరుసగా పరచి చూపిస్తారు. ఏ ఒక్క కాగితం చెప్పనిది ఆ వరుస చెబుతుంది. దగ్గే బిడ్డ కవర్లోనూ అలాంటి వరుసే ఉండాలి: తేదీ, నమూనా ఎలా తీశారు, అప్పటికి ఏ మందు వాడుతున్నారు, ఏ క్రిమి పెరిగింది, ఏ మందుకు లొంగింది. విశాఖకో వెల్లూరుకో వెళ్లినప్పుడు కొత్త వైద్యుడు ముందు తిరగేసేది ఆ కవరునే. ఇప్పుడు అందులో అతనికి దొరికేవి ఎక్స్‌రేలు, మందుల చీటీలు, వాటి నడుమ నాలుగు మడతలు పడిన ‘టీబీ లేదు’ అన్న కాగితం.