సంఘం పెట్టిన మాఫియా బాస్

పరాయి దేశంలో పది కుటుంబాలు చేరితే సంఘం పుడుతుంది, అది మనకు కొత్త కాదు. కానీ మాఫియా బాస్ ఒకడు తన జాతి పరువు కోసమంటూ సంఘం పెట్టి, న్యూయార్క్ నడిబొడ్డున సుమారు 50 వేల మందిని పోగేశాడంటే నమ్మబుద్ధి కాదు. ఇటాలియన్ మూలాలున్న జో కొలంబో 1970లో ఆ పని చేసి చూపించాడు.

1923లో పుట్టాడు, బ్రూక్లిన్ మనిషి. తండ్రీ ముఠావాడే. 1938లో ఎవరో గొంతు నులిమి చంపేస్తే కారులో శవమై దొరికాడు. అయినా కొడుకు అదే దారి పట్టాడు. 1960ల మొదట్లో పెద్ద బాస్‌లను లేపేయమని పని అప్పగిస్తే, ఆ కబురు తీసుకెళ్లి నేరుగా వాళ్ల చెవిలోనే వేశాడు. అందుకు బహుమానంగా నలభై ఏళ్లకే ఒక ముఠా మొత్తం చేతికొచ్చింది. పైకి చెప్పుకునే ఉద్యోగం మాత్రం రియల్ ఎస్టేట్ సేల్స్‌మన్.

1970 ఏప్రిల్‌లో, నాణేలు కరిగించి వెండి అమ్మే కుట్రలో ఉన్నాడంటూ అతని కొడుకుని ఎఫ్‌బీఐ అరెస్టు చేసింది. ఇంకో బాస్ అయితే లాయర్‌ని పెట్టుకుని నోరు కట్టేసుకునేవాడు. కొలంబో మాన్‌హట్టన్‌లోని ఎఫ్‌బీఐ ఆఫీసు ముందు ధర్నాకు దిగాడు. ఇటాలియన్లు కాబట్టే మమ్మల్ని వేధిస్తున్నారన్నాడు. ఇటాలియన్-అమెరికన్ సివిల్ రైట్స్ లీగ్ అలా పుట్టింది.

జనం ఊరికే రాలేదు. వాళ్ల కడుపుమంట నిజమైనదే. 1891లో న్యూ ఓర్లీన్స్‌లో మూక జైల్లోకి చొరబడి 11 మంది ఇటాలియన్లను చంపేసింది. ఆ తర్వాతా ఇటాలియన్ పేరు వినపడితే చాలు, మాఫియావాడేమో అని చూసే చూపులు పోలేదు. ఆ బాధకు గొంతు ఇచ్చేవాడు దొరికితే ఎవరైనా వెనక నడుస్తారు. 1970 జూన్ 29న లీగ్ పెట్టిన సభకు మాన్‌హట్టన్‌లోని కొలంబస్ సర్కిల్ కూడలి జనంతో నిండిపోయింది. జులైలో అమెరికా న్యాయశాఖ అధిపతి, అటార్నీ జనరల్ మిచెల్ తన శాఖవాళ్లను ‘మాఫియా’ అన్న మాట వాడొద్దన్నాడు. నవంబరులో లీగ్ నిధుల కోసం పేరున్న గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాడాడు. మరుసటేడు ‘గాడ్‌ఫాదర్’ సినిమా నిర్మాత స్క్రిప్టులోంచి ‘మాఫియా’ మాట తీసేస్తానని ఒప్పుకున్నాడు.

పద్ధతిగా నడిచిన ఏ సంఘానికీ ఏడాదిలో ఇన్ని పనులు కావు. నాకు చిరాకు అక్కడే. పనులు అవుతుంటే డబ్బు ఎక్కడిదని అడగడం మర్యాద కాదనిపిస్తుంది. అన్యాయం నిజమే కాబట్టి, దాని గురించి అరిచేవాడు కూడా నిజమైనవాడే అనుకుంటాం. ఇటాలియన్లను మాఫియా అనడం తప్పే, సరే. వాళ్లలో అసలు మాఫియావాడు ఉన్నాడే, అతగాడే అధ్యక్షుడి కుర్చీ వెనక కూర్చుంటే ఎట్లా?

అసలు దెబ్బ ఇంకోవైపు తయారైంది. ‘మాఫియా’ మాట కాగితాల మీద చెరిగిపోతున్న 1970 అక్టోబరులోనే, ముఠా నేరాల మీద తెచ్చిన రికో చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ సంతకం పెట్టాడు. తర్వాత బాస్‌లను జైళ్లకు పంపింది ఆ చట్టమే. ఇటు మిగతా బాస్‌లకు కొలంబో టీవీల్లో కనపడటం కంటగింపైంది.

1971 జూన్ 28, రెండో సభ. మధ్యాహ్నం కాబోతోంది. స్టేజీ వైపు నడుస్తున్న కొలంబో దగ్గరికి ప్రెస్ బ్యాడ్జీ పెట్టుకుని కెమెరాతో జెరోమ్ జాన్సన్ అనే యువకుడు వచ్చాడు. మూడు తూటాలు కాల్చాడు. అంతమంది పోలీసుల మధ్యనే ఎవరో జాన్సన్‌నీ కాల్చేసి గుంపులో కలిసిపోయారు. ఆ ‘ఎవరో’ ఇప్పటికీ దొరకలేదు. పక్షవాతంతో మంచానపడ్డ కొలంబో 1978 మే 22న పోయాడు. నాయకుడు పడిపోయాక లీగ్ కూడా ఎన్నాళ్లో నిలవలేదు. ఆ ముఠాను మాత్రం పోలీసులు, పత్రికలు నేటికీ కొలంబో ఫ్యామిలీ అనే పిలుస్తున్నారు.

మన సంఘాల్లో ముఠాలున్నాయని నేననడం లేదు. కానీ పెద్ద చెక్కు రాసినాయన్ని శాలువా కప్పి మైకు ముందుకు పిలిచే అలవాటు మనకూ ఉంది. ఆ చెక్కు ఎక్కడిదో ముందుగా కనుక్కునే కమిటీ ఒకటి వేద్దామని ఈసారి సర్వసభ్య సమావేశంలో అడగబోతున్నాను. కొందరికి కోపం వస్తుందని తెలుసు. అయినా అడుగుతాను.