గన్ను మెడలో బంతిపూల దండ

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డెక్కినవారికి సగం పండుగ పంతంగి టోల్‌ప్లాజా దగ్గరే అయిపోతుంది. మిగతా సగం ఎక్కడ జరుపుకోవాలో మా విషయంలో బావమరిది కొన్న విద్యుత్ కారు నిర్ణయించింది.

బావమరిది ఆడిటర్. ప్రభుత్వం రూపాయి ఖర్చుపెడితే తన జేబులోంచి తీసినట్టు విలవిలలాడతాడు. పక్క సీట్లో మామయ్యగారు. విద్యుత్ శాఖలో సబ్ ఇంజనీరుగా చేరి ఏడీఈగా, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా రిటైరయ్యారు. వెనక నేనూ మా ఆవిడా. ఈ తండ్రీకొడుకుల మధ్య నోరు విప్పకూడదని పెళ్లయిన కొత్తలోనే నేర్చుకున్నాను.

సూర్యాపేట దాటేసరికి బ్యాటరీ 9 శాతం చూపిస్తోంది. కోదాడ ఇంకా దూరం. దారిలో ఒక హోటల్లో చార్జర్ ఉందనీ, ఖాళీగా ఉందనీ ఫోనులో యాప్ ఆకుపచ్చగా చెప్పింది. ఖాళీగానే ఉంది, సందేహం లేదు. చార్జర్‌కు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. కేబుల్ చివరనున్న గన్ను మెడలో దసరానాటి బంతిపూల దండ వరుగులా ఎండి వేలాడుతోంది. గన్నును కారుకు తగిలిస్తే రెండు రేకులు రాలాయి. కరెంటు మాత్రం రాలేదు.

"చూశారా నాన్నా!" అన్నాడు బావమరిది, కారు ఆగిపోతుందన్న దిగులు కన్నా వాదన గెలిచిన ఆనందం ఎక్కువై. "విద్యుత్ వాహనాల కోసం కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకానికి 10,900 కోట్లు. అందులో చార్జింగ్ స్టేషన్లకే 2,000 కోట్లు. జనం పన్నులన్నీ ఇలా దండలేసి నిలబెట్టారు. పెట్రోలు బంకులు ఎవరి సబ్సిడీతో వచ్చాయి?"

"ఒరేయ్, విదేశీ చమురు కంపెనీలైన ఎస్సోను 1974లో, బర్మా షెల్‌ను 1976లో ప్రభుత్వం తీసుకుంది. ఊరూరా బంకులు పెట్టించింది ఎవరనుకున్నావు? సరే, ఈ కారుకు రోడ్డు ట్యాక్స్ ఎంత కట్టావు?"

బావమరిది అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తెలంగాణలో విద్యుత్ కార్లకు 2024 నవంబరు నుంచి రోడ్డు ట్యాక్స్ మినహాయింపు ఉందని అందరికన్నా ముందు మాకు చెప్పింది అతనే.

"జీఎస్టీ?"

"5 శాతం. కానీ బయట చార్జింగ్ చేయిస్తే 18 శాతం గుంజుతున్నారుగా!"

"ముందు చార్జింగ్ కానివ్వు, తర్వాత గుంజుతారు," అంది మా ఆవిడ.

నిజానికి ఈ వ్యవహారం పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతే. చార్జర్లు లేవని జనం కార్లు కొనరు. కార్లు లేవని చార్జర్లు ఎవరూ పెట్టరు. ఎవరో ఒకరు నష్టానికి సిద్ధపడి ముందుకు రావాలి. ఆ పని ప్రభుత్వానిదేనని నాకు అనిపిస్తుంది. ఆ మాట పైకి అనలేదు. ఇంకా అత్తవారింట్లో మూడు పూటల భోజనం మిగిలి ఉంది.

"జాతీయ రహదారుల మీద 20 కిలోమీటర్లకు ఒక స్టేషను ఉండాలని కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది," అన్నారు మామయ్యగారు.

"మార్గదర్శకాలతో కారు నడవదు నాన్నా."

ఇంతలో హోటల్ యజమాని వచ్చాడు. బావమరిది అతన్ని పట్టుకుని, సబ్సిడీ ఎంత ముట్టిందో చెప్పమని ఆడిట్ మొదలుపెట్టాడు. అతను బిక్కమొహం వేశాడు. "సబ్సిడీ ఎక్కడిది సార్? బ్యాంకు అప్పు. పెట్టుబడంతా సొంతం." బావమరిది నోరు మూతపడింది. మామయ్యగారి ముఖం వెలిగింది. ఆ వెలుగు అర నిమిషం నిలిచింది. "చార్జర్ బాగానే ఉంది సార్. ట్రాన్స్‌ఫార్మర్ కోసం కరెంటు ఆఫీసు చుట్టూ దసరా నుంచి తిరుగుతున్నాను. సంతకం కావాల్సిన సారు ఎప్పుడూ సీట్లో ఉండరు."

మామయ్యగారు ఉన్నట్టుండి టీ తాగాలన్నారు.

చివరికి ఆదుకున్నది పక్కనున్న పంక్చర్ షాపు. ఏసీ కోసం పెట్టించుకున్నాడట, 15 ఆంపియర్ల ప్లగ్ ఒకటి ఉంది. ఏసీ మాత్రం ఇంకా కొనలేదు. కారుతో వచ్చిన చార్జర్‌ను దానికి తగిలిస్తే గంటకు మూడు యూనిట్లు ఎక్కుతాయి. అంటే సుమారు 20 కిలోమీటర్ల ప్రయాణం. రెండు గంటలు ఉంటే కోదాడ చేరవచ్చు. పాత టైర్ల మీద కూర్చున్నాం. మామయ్యగారు అలవాటు కొద్దీ ఆ కుర్రవాడి వైరింగు తనిఖీ చేసి, ఎర్తింగు సరిగా లేదని చివాట్లు పెట్టారు.

"గంటకు వంద రూపాయలు," అన్నాడు కుర్రవాడు.

బావమరిది ఫోనులో లెక్క కట్టి ఎగిరిపడ్డాడు. "యూనిట్‌కు 33 రూపాయలా? అడిగేవాడే లేడా? అసలు ప్రభుత్వం ఏం చేస్తోంది?"

కుర్రవాడు ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు వెతుకుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ సబ్సిడీ ఏదో నాకు ఇప్పించండి సార్, ఇరవైకే ఇస్తాను."

కాగితం మీద పేరు, షాపు నంబరు రాయించుకుంటున్నది ఎవరో తెలుసా? మా బావమరిదే.