మెడ నలుపుకు మందు రేషన్ దుకాణంలో ఉంది

మిర్యాలగూడలోనో, జడ్చర్లలోనో, దేవరకొండలోనో ఒక మందుల దుకాణం ముందు సాయంత్రం కాసేపు నిలబడితే, మొటిమలకూ మెడ నలుపుకూ క్రీము అడిగే పిల్లలు వరుసగా కనిపిస్తారు. పలు స్టెరాయిడ్ క్రీములను వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలని కేంద్రం 2018లోనే కట్టడి చేసినా, చీటీ అడిగే దుకాణాలు తక్కువ. ఈ క్రీములు పూసే చోటికీ జబ్బు పుట్టే చోటికీ సంబంధం లేదన్నదే నా వాదన. జబ్బు కంచంలో పుడుతోంది, ఆ కంచంలో ఏముండాలో చాలావరకు ప్రభుత్వమే నిర్ణయిస్తోంది.

ముందు మెడ సంగతి చూద్దాం. మెడ వెనుక, చంకల్లో చర్మం మందమై నల్లబడడాన్ని వైద్యులు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. మన ఇళ్లలో మాత్రం దాన్ని మట్టి అనుకుని, స్నానం సరిగ్గా చేయడం లేదని పిల్లలను కోప్పడి, పీచుతో బరబరా రుద్దుతారు. ఆ ఒరిపిడికి చర్మం మరింత ముదురుతుందే తప్ప తేటబడదు. ఎడతెగకుండా పిండిపదార్థాలు, చక్కెర అందుతూ, ఒంటికి పని లేక నడుము చుట్టూ కొవ్వు చేరిన శరీరంలో కణాలు ఇన్సులిన్‌కు సరిగ్గా స్పందించవు. ఆ లోటు పూడ్చడానికి క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది, మితిమీరిన ఆ ఇన్సులిన్ చర్మకణాలను అవసరానికి మించి పెరిగేలా ప్రేరేపిస్తుంది. నలుపూ, దాని పక్కనే మొలిచే చిన్న పులిపిర్లూ అలా వచ్చేవే. రక్తంలో చక్కెర ఇంకా మామూలుగానే ఉన్న దశలో సైతం ఈ గుర్తు బయటపడవచ్చు కాబట్టి, మధుమేహం రాకముందే జాగ్రత్తపడే అవకాశం ఇక్కడ ఉంది. ఆడపిల్లల్లో దీనికి నెలసరి క్రమం తప్పడం, గడ్డం మీద మొటిమలు తోడైతే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాల పనితీరు గాడితప్పే సమస్య) ఉందేమో పరీక్ష చేయించాలి. పెళ్లిచూపుల ముందు ఫేషియల్‌కు ఆలోచించకుండా ఖర్చుపెట్టే కుటుంబాలు ఈ పరీక్షకు మాత్రం వెనుకాడడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మొటిమలదీ దాదాపు ఇదే దారి. ఇన్సులిన్, దానికి తోడు ఐజీఎఫ్-1 అనే హార్మోను పెరిగినప్పుడు తైలగ్రంథులు ఎక్కువ జిడ్డును స్రవిస్తాయి, రోమకూపాలు మూసుకుపోతాయి. ఆస్ట్రేలియాలో మొటిమలున్న 43 మంది యువకులపై జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, రక్తంలో చక్కెరను త్వరగా పెంచని ఆహారాన్ని 12 వారాలు తీసుకున్నవారికి మొటిమలు మిగతావారి కంటే ఎక్కువగా తగ్గాయి. ముడతల విషయంలోనూ చక్కెర పాత్ర ఉంది. పెనం మీద రొట్టెను ఎర్రగా మార్చే రసాయన చర్యే, మరింత నెమ్మదిగా, చర్మంలోని కొల్లాజెన్ మీద జరిగి దాన్ని బిరుసెక్కిస్తుంది.

చర్మం వంశాన్ని బట్టి, వయసును బట్టి, ఎండను బట్టి ఉంటుందని, తిండికీ మొటిమలకూ ముడిపెట్టడం అతి అని అనేవారున్నారు. వారసత్వం బలమైనదే, హార్మోన్ల వయసూ నిజమే, స్వీట్లు మానిన ప్రతి ఒక్కరికీ ముఖం తేటబడుతుందని ఏ వైద్యుడూ హామీ ఇవ్వలేడు. అయితే వంశాన్ని మార్చుకోలేం, కంచాన్ని మార్చుకోగలం. మార్చగలిగినదాన్ని వదిలేసి క్రీముల మీద డబ్బు తగలేయమనడం ఏం సలహా?

స్వీట్లంటే పండుగకో, పెళ్లికో తింటాం. మనల్ని దెబ్బతీస్తున్నవి రోజువారీ చాయ్, అన్నం. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు చాయ్‌లు తాగితే, చెంచాకు 4 గ్రాముల లెక్కన 32 గ్రాముల చక్కెర ఒంట్లోకి చేరినట్టు. పైనుంచి కలిపే చక్కెర మొత్తం 25 గ్రాములు దాటకపోతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఇక అన్నం. పాలమూరులో, నల్లగొండ మెట్ట మండలాల్లో ఒకప్పుడు జొన్న రొట్టె, గట్క (జొన్న సంకటి), తైదంబలి (రాగి అంబలి) తిని పొద్దంతా పనిచేసిన ఇళ్లలో ఇప్పుడు మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యమే. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు దాదాపు 10 గ్రాములుంటే, పాలిష్ బియ్యంలో 3 గ్రాములైనా లేదు. పీచు తీసేసిన గింజ త్వరగా అరిగి, త్వరగా చక్కెరగా మారుతుంది.

ఈ మార్పు జనం నాలుక కోరుకున్నందువల్ల మాత్రమే రాలేదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం మొదలుకొని 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన సన్నబియ్యం వరకు, నలభై ఏళ్లకు పైగా ప్రభుత్వాలన్నీ పేదవాడి కంచంలో ఒకే గింజను పోస్తున్నాయి. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. కానీ నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో నీటిలోని ఫ్లోరైడ్‌తో పిల్లల పళ్లు గారపట్టినప్పుడు, మంచి పేస్టు వాడండని చెప్పి ఊరుకుంటే సరిపోలేదు, తాగే నీటినే మార్చాల్సి వచ్చింది. ఫ్లోరైడ్‌తో తరాలు పోగొట్టుకున్న జిల్లాకు ఈ తర్కం కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతోపాటు జొన్నలు, రాగుల వంటి ముతక ధాన్యాలను కూడా రేషన్‌లో చేర్చి, వాటికి కిలో ఒక్క రూపాయి ధర పెట్టింది. నారాయణపేటకు ఆనుకుని ఉన్న కర్ణాటక తన రేషన్‌లో జొన్నలకు, రాగులకు చోటిచ్చింది. మనిషికి ఇస్తున్న ఆరు కిలోల్లో రెండు కిలోలు జొన్నలు తీసుకునే వీలు తెలంగాణలోనూ కల్పించాలి, సంక్షేమ హాస్టళ్లలో వారానికి రెండు పూటలైనా రొట్టె పెట్టాలి. మిగతా నాలుగు కిలోలు సన్నబియ్యమే కావాలంటే, రక్తంలో చక్కెరను కాస్త నెమ్మదిగా పెంచే రకంగా పేరున్న తెలంగాణ సోనా మన వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించినదే, దాన్ని విడిగా కొని విడిగా పంచవచ్చు. జొన్నలకు నిలకడైన కొనుగోలు ఉందని తెలిస్తే వేసే రైతులు కొడంగల్ నుంచి అచ్చంపేట దాకా ఉన్నారు, వారికి కావలసింది వరికి ఉన్నట్టే ప్రతి సీజన్లో తెరుచుకునే కొనుగోలు కేంద్రం.