వేలంపాటలో లైబ్రరీ సొత్తు

2024లో అమెరికా బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ జెర్సీ ఒకటి 2.4 కోట్ల డాలర్లు దాటి పలికిన దగ్గర్నుంచి బేస్‌బాల్ పాత సామాన్ల గురించి ఏ వార్త చూసినా రేటు గోలే. ఎంతకి పోయిందో చెప్తారు గానీ ఎవరెవరి చేతులు మారి వచ్చిందో ఎవరూ అడగరు. 1860లు, 70ల నాటి టీమ్ ఫొటోలు, ఉత్తరాలకైతే ఆ వివరం కాగితం మీద చూపించనిదే వేలానికి రానివ్వకూడదంటాను.

హ్యారీ రైట్ ఉత్తరాల సంగతే తీసుకోండి. 1869లో ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చి ఆడించిన మొదటి జట్టు, సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్‌ని నడిపినాయన. ఆయన కాగితాలు, పాత ఆటగాడూ ఆట సామాన్ల వ్యాపారీ అయిన ఆల్బర్ట్ స్పాల్డింగ్ సేకరణతో పాటు 1921లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చేరాయి. జనం సొత్తు. అలాంటిది 2009లో ఆల్‌స్టార్ గేమ్ (మేటి ఆటగాళ్లతో ఏటా జరిగే మ్యాచ్) సందర్భంగా పెట్టిన వేలం జాబితాలో ఆయనకొచ్చిన ఉత్తరాలు కనబడితే, ఇవి లైబ్రరీవి కావా అని పరిశోధకులు నిలదీశాకే ఎఫ్‌బీఐ రంగంలోకి దిగింది. అమ్మేవాళ్లకి ముందే రావాల్సిన అనుమానం కదా అది!

కలెక్టర్లు లేకపోతే సగం సరుకు చెత్తకుప్పల్లో కలిసేదంటారు. నిజమే, 1865 నాటి బ్రూక్లిన్ అట్లాంటిక్స్ జట్టు ఫొటో అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో ఎవరి ఇంటి ముందో పాత సామాన్ల అమ్మకంలో దొరికింది.

కానీ ఆ కథ అక్కడితో ఆగదు. అరచేతిలో పట్టేంత అట్ట మీద అతికించిన ఆ ఫొటో 2013లో 92,000 డాలర్లు పలికింది. అది అసలుదేనని నమ్మడానికి ఆధారాల్లో ముఖ్యమైనది ఏమిటంటే, అలాంటిదే ఇంకో కాపీ అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉండటం. అంటే లైబ్రరీ పైసా తీసుకోకుండా పూచీ పడుతుంది, లాభం మాత్రం వేలం కంపెనీ జేబులోకి. సరుకు అసలుదేనని ప్రైవేటు కంపెనీలిచ్చే సర్టిఫికెట్ల బండారం వేరే చెప్పాలా, ప్లాస్టిక్ డబ్బాలో సీలేసి గొప్ప గ్రేడిచ్చిన పాతకాలపు ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ కార్డుకి, కొత్తదానిలా కనబడాలని అంచులు కత్తిరించానని దాని పాత యజమాని బిల్ మాస్ట్రో 2013లో స్వయంగా ఒప్పుకున్నాడు.

అందుకే నాకు బేస్‌బాల్ కన్నా లైబ్రరీల గొడవే ఎక్కువ. తమ దగ్గర ఏముందో ఫొటోలతో సహా జాబితా లేని లైబ్రరీకి, ఏం పోయిందో నిరూపించే దారి ఉండదు. ఆ జాబితాకి డబ్బు కావాలి. పాట మీద ఐదో వంతు దాకా కమీషన్ గుంజే వేలం కంపెనీలు అందులోంచి కొంత ఈ పనికి కట్టి తీరాలి, అదీ వాళ్ల దయాదాక్షిణ్యాలకి వదిలేయకుండా చట్టం పెట్టి.