నోరు పెగలని పిల్లాడికీ తెలుగు వచ్చు

ఈసారి ఈ పరాయి దేశంలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యాక శతక పద్యాల పోటీ జరిగింది కదా. ఒక బాబు రెండో పాదం దగ్గర ఆగిపోయాడు. మైకు పట్టుకున్న పెద్దాయన "ఏం నాన్నా, ఇంట్లో అమ్మ తెలుగు మాట్లాడదా?" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ తల్లి ముందు వరసల్లోనే ఉంది. తర్వాత పులిహోర లైన్లో కూడా ఆవిడ ఎవరి ముఖమూ చూడలేదు.

ఆయన సరదాకే అన్నారు, కాదనను. ఏటా కుర్చీలు సర్దేది కూడా ఆయనే. కానీ ఆ ప్రశ్న ఎంత తప్పో మా ఇంట్లో రోజూ కనిపిస్తుంది.

మా అమ్మాయికి పద్యం రెండుసార్లు వినిపిస్తే చాలు, గడగడా ఒప్పజెప్పేస్తుంది. షెల్ఫు నిండా జ్ఞాపికలే. అదే పిల్ల వాళ్ల నానమ్మతో వీడియో కాల్‌లో "బాగున్నాను" దాటి ఒక్క మాట మాట్లాడదు. తమ్ముడికి స్టేజి అంటే కడుపునొప్పి. నానమ్మతో మాత్రం గంటలకొద్దీ ముచ్చట్లు. "కుక్క వచ్చాడు" అంటాడు, ఆవిడ దిద్దదు, కబుర్లు సాగిపోతాయి. ఊళ్లో ఎవరి గేదె ఈనిందో మా ఇంట్లో ముందు తెలిసేది వాడికే. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వారాంతపు బడి. అమ్మ కూడా ఒక్కతే, నేనే!

1959లో అమెరికాలో జాన్ కారల్, స్టాన్లీ సేపన్ పరభాష నేర్చుకునే సామర్థ్యానికి ఒక పరీక్ష తయారుచేశారు. కారల్ దాన్ని ఒకే గుణం అనుకోలేదు. ధ్వనులను పట్టి గుర్తుంచుకోవడం, వాక్యంలో ఏ పదం ఏ పని చేస్తోందో కనిపెట్టడం, ఉదాహరణల నుంచి నియమం రాబట్టడం, బట్టీ పట్టడం, నాలుగూ వేర్వేరన్నాడు. మన పోటీలో మార్కులు ఎక్కువగా ఆ చివరిదానికే. ఇక బెరుకు సంగతి. 1986లో ఎలైన్ హార్విట్జ్ బృందం భాషా తరగతుల్లో భయాన్ని కొలిచేందుకు 33 వాక్యాల ప్రశ్నావళి తెచ్చింది. నేను మాట్లాడితే తోటివాళ్లు నవ్వుతారేమో అన్నది అందులో ఒక వాక్యం. మనం హాలు బుక్ చేసి మరీ ఆ భయం నిజం చేశాం.

ఇంట్లో మాట్లాడకపోయినా పర్వాలేదని కాదు. ఇంగ్లీషు ఇళ్లలోని పసిపిల్లలు ఆరేడు నెలలప్పుడు హిందీ ట, త తేడా పట్టగలరనీ, ఏడాది వచ్చేసరికి చాలామందికి అది పోతుందనీ 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చూపించారు. "ఫినిష్ యువర్ హోంవర్క్ ఫస్ట్" అని ఇంగ్లీషులో అరిచి, ఆ తర్వాత తెలుగు రావట్లేదని వాపోయే మన అలవాటుకు నా దగ్గర సమర్థన లేదు. అయినా, ఇల్లు ఒకటే అయినా పిల్లలు ఒకలా నేర్చుకోరు.

కమిటీవారికి ఒక విన్నపం. పద్యాల పోటీ ఉండాల్సిందే, మా నాన్న నాచేత పద్యాలు వల్లె వేయించేవారు, నాకూ ఇష్టమే. దీపావళికి దాని పక్కనే ఒక బల్ల వేయండి. విజిటర్ వీసా మీద వచ్చి పగలంతా టీవీ ముందు కూర్చునే అమ్మమ్మలనూ తాతయ్యలనూ అక్కడ కూర్చోబెట్టండి. పిల్లలు వాళ్లతో కాసేపు కబుర్లు చెప్పాలి, అంతే. మైకు వద్దు, తప్పుల లెక్క వద్దు, జ్ఞాపిక మాత్రం అక్కడా ఇవ్వండి. ఆ నెలలో మా అత్తయ్య ఇక్కడే ఉంటారు, ఆవిడను నేను తీసుకొస్తాను.