పాలెగాడి పెళ్లాం ఇంటికి ఎవరు పోవాల?

తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు రోజుకో వేషం కడతారు. అందులో తోటి వేషం నాడు మా ఇంటి అరుగు మీద జరిగిన గొడవ ఇది. ఒకవైపు మా నాన్న. గాంధీ రోడ్డు వెనక సందులో ముప్పై ఏళ్లు అద్దె పుస్తకాల అంగడి నడిపిన మనిషి. రెండోవైపు ఆయన మేనకోడలు, నాకు వరసకు వదిన. పన్నెండేళ్లుగా వస్తున్న ఒక తెలుగు సూపర్‌హీరో కామిక్‌కు ఆమె ఎడిటర్. బాధ్యత చేతికొచ్చి నాలుగేళ్లయింది. పోయిన సంచికలో హీరోకు ముసుగు కుట్టిచ్చిన దర్జీ తాత చనిపోయాడు. పాఠకులు భగ్గుమన్నారు. వదిన ఒక్కరికీ జవాబు రాయలేదు. నేను మధ్యలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు కాబట్టి వాళ్ల మాటలే రాస్తున్నాను.

మామ: నీకు ముందు ఆ కుర్చీలో ఎందరు కూర్చున్నారు పాపా?

కోడలు: ఇద్దరు.

మామ: నీ తర్వాత ఇంకో ఇద్దరు కూర్చుంటారు. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చినాడు. ఆయన్ను పుట్టించినోళ్లు పోయినారు, ఆయన ఉన్నాడు. ఎవరివల్ల? చదివేటోళ్ల వల్ల. అద్దెకున్నోళ్లు గోడ పడగొడతామంటే ఇంటివాళ్లు ఊరుకుంటారా?

కోడలు: చదివేటోళ్లు ఇంటివాళ్లు ఎప్పుడయ్యారు మామా? నీ అంగడిలో వాళ్లే కదా అద్దె కట్టింది, రోజుకు పావలా.

(నాన్న నవ్వాడు. కానీ మనసులో పెట్టుకున్నాడు.)

మామ: ఆ పావలా ఇచ్చినోళ్లకు ఉన్న జ్ఞాపకం మీ ఆఫీసులో ఒక్కరికీ ఉండదు. మార్వెల్ కామిక్స్ రచయిత స్టాన్ లీ సంగతే చూడు. ఒకేసారి ఎన్నో పుస్తకాలు రాస్తా, హల్క్ అసలు పేరు బ్రూస్ బ్యానర్ అని మరిచిపోయి బాబ్ బ్యానర్ అని రాసేసినాడు. 1964లో. పిల్లోళ్లు పట్టుకున్నారు. ఆయనేం చేసినాడు? పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అన్నాడు. ఇప్పటికీ అదే పేరు. తప్పు పట్టింది పాఠకులు, దాన్ని కథలో కలిపేసింది ఆయన.

కోడలు: అది నేనూ ఒప్పుకుంటా. తప్పు చూపించి, అది తప్పెందుకు కాదో కూడా అల్లి చెప్పిన పాఠకులకు మార్వెల్‌వాళ్లు బహుమతి కూడా పంపేవాళ్లు. కవరు మీద బహుమతి అని అచ్చేసి ఉంటుంది. లోపల ఏమీ ఉండదు. ఖాళీ కవరు.

మామ: ఖాళీదైనా పంపినారు కదా. స్టాంపు అతికించి.

కోడలు: సరే, అడిగి చేస్తే ఏమవుతుందో కూడా చూడు. 1988లో బ్యాట్‌మ్యాన్ దగ్గర రాబిన్‌గా, అంటే తోడు కుర్రాడిగా ఉన్న జేసన్ టాడ్ బతకాలా చావాలా అని ఫోన్‌లో ఓట్లు పెట్టారు. ఒక్కో ఫోన్‌కు యాభై సెంట్లు. చావాలని 5,343, బతకాలని 5,271. డెబ్భై రెండు ఓట్ల తేడాతో ఒక పిల్లోడిని చంపారు. లెక్కపెట్టింది ఫోన్లనే, మనుషుల్ని కాదు. కోపంతో ఒకడే పదిసార్లు చేసినా పదీ లెక్కే. నన్ను కూడా అట్లా ఓట్లు పెట్టమంటావా?

మామ: వద్దు. అది పాఠకుల్ని అడగడం కాదు, హత్య వాళ్ల నెత్తిన వేయడం. ఆ ఓట్లు పెట్టింది ఎవరు? ఎడిటరే. చంపే ధైర్యం లేదు, వదిలేసే దయా లేదు. అంత చేసి 2005లో ఆ పిల్లోడిని మళ్లీ తెచ్చినారు. మరి అన్ని యాభై సెంట్లు ఏమైనట్టు?

కోడలు: చూశావా, ఓట్లు తప్పని నువ్వే అంటున్నావు. మరి నన్ను ఏం చేయమంటావు?

మామ: ఆ మాటకే వస్తా. ముందు ఇది చెప్పు, ఇరవై ఏళ్ల కాపురాన్ని తుడిచేసే హక్కు మీకెవరు ఇచ్చినారు?

(ఇది స్పైడర్‌మ్యాన్ గొడవ. ఆయనకు 1987లో పెళ్లి చేశారు. 2007లో, చావుబతుకుల్లో ఉన్న, తనను పెంచిన పెద్దమ్మ ప్రాణం కోసం దయ్యంతో బేరం పెట్టించి, ఆ పెళ్లి అసలు జరగనట్టే చేసేశారు. అప్పటి మార్వెల్ ప్రధాన సంపాదకుడు జో కెసాడాకు ఆ పెళ్లి మొదటినుంచీ నచ్చలేదు. మా నాన్న ఈ విషయం మాట్లాడేటప్పుడు మా అమ్మ లోపలికి వెళ్లిపోతుంది.)

కోడలు: మామా, ఆ స్పైడర్‌మ్యాన్ పిల్లోడు 1962లో హైస్కూల్లో ఉన్నాడు. ఏడాదికి ఏడాది లెక్కేస్తే ఈపాటికి నీకన్నా పెద్ద. మోకాళ్ల నొప్పులతో గోడలెక్కుతాడా? నువ్వు యాభై ఏళ్లుగా చదువుతున్నావు, నిజమే. కానీ ఈరోజు మొదటిసారి పుస్తకం చేతబట్టే పదమూడేళ్ల పిల్ల ఒకత్తె ఉంటుంది. ఆ పిల్ల నాకు ఉత్తరం రాయదు, ఎందుకంటే ఇంకా అభిమాని కాలేదు. ఆమె తరఫున మాట్లాడేది నేనొక్కదాన్నే. మీరంతా కలిసి కూర్చుంటే ఏమడుగుతారో తెలుసా? ఏదీ మార్చొద్దంటారు.

మామ: అభిమానులకు మార్పు తెలీదా? జిమ్ షూటర్ ఎవరు? పద్నాలుగేళ్లకే సూపర్‌హీరో కథలు రాసి, సూపర్‌మ్యాన్ పుస్తకాలేసే డీసీవాళ్లకు అమ్మినోడు. 1966లో అచ్చయినాయి. 1978కి మార్వెల్‌కే ప్రధాన సంపాదకుడు. రాయ్ థామస్ ఎవరు? ఉత్తరాలు రాస్తా, అభిమానుల పత్రిక నడుపుతా పైకి వచ్చి, షూటర్‌కు ముందే ఆ కుర్చీ ఎక్కినోడే. మీ కుర్చీలన్నీ మా అంగట్లోంచి పోయినవే.

కోడలు: షూటర్ ఆ కుర్చీలో కూర్చున్నాక ఏం చేశాడో కూడా చెప్పు. ఎక్స్-మెన్ అనే హీరోల గుంపులో ఉండే జీన్ గ్రే ఒక నక్షత్రాన్ని మింగేసింది. ఆ వెలుగులో బతికే గ్రహం మీద ఐదు వందల కోట్ల ప్రాణాలు పోయాయి. రాసినవాళ్లు ఆమె శక్తులు మాత్రం పీకేసి బతకనిద్దామనుకున్నారు. షూటర్ కుదరదన్నాడు. అంతమందిని చంపి ఇంటికెళ్లి అన్నం తింటుందా అని. 1980లో ఆమె చచ్చిపోయింది. అభిమానిగా ఉండుంటే ఆయన కూడా ఏడ్చేవాడే.

మామ: 1986లో ఆమెను వెనక్కి తెచ్చిన ఉపాయం ఎవరిది? చచ్చింది ఆమె కాదు, ఆమె రూపం ఎత్తిన శక్తి, అసలామె నీళ్ల అడుగున భద్రంగా ఉండాది అని. ఆ ఉపాయం, తర్వాత కామిక్స్ రచయిత అయిన కర్ట్ బ్యూసిక్ కాలేజీ రోజుల్లో, ఉత్త పాఠకుడిగా ఆలోచించిపెట్టుకున్నదే.

కోడలు: అవును. ఆ తర్వాత ఎవరు చచ్చినా ఎవరూ నమ్మడం మానేశారు. తెలివైన అభిమాని ఇచ్చిన కానుక అది!

(ఇక్కడ నాన్నకు మాట దొరకలేదు. ఒక శనక్కాయ నా చేతిలోంచి లాక్కున్నాడు. అంతలో వీధిలో డప్పులు. ఒళ్లంతా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకున్న పిల్లలు నలుగురు మా అరుగు ముందు ఆగారు. అందులో చిన్నవాడికి పదేళ్లుంటాయి. చెమటకు మెడ మీద బొగ్గు చారికలు కట్టింది. వాడు మా నాన్నను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇక్కడ రాయలేను. నాన్న రెండు చేతులూ జోడించి, వాడి పళ్లెంలో పది రూపాయలు వేశాడు.)

మామ: విన్నావా? ఇది భక్తే. జాతరలో బూతు కూడా మొక్కే. నీకొచ్చే ఉత్తరాల్లో బూతులున్నాయని జవాబు రాయడం మానేసినానన్నావే, వాళ్లు కూడా ఈ పిల్లోడే.

కోడలు: ఆ పిల్లోడు ముఖాన బొగ్గు పూసుకుని, ఏడాదికోసారి, అమ్మవారి పేరు మీద తిడతాడు. నన్ను రాత్రి పదకొండుకు, మా పాప ఏ బడికి పోతుందో తెలుసంటూ తిట్టాడు ఒకడు. అది మొక్కు కాదు మామా.

మామ: ...కాదు. అది కాదు.

కోడలు: ఇంకోటి. ఈ తిట్లకు అమ్మవారు కథ మారుస్తుందా? పాలెగాడు ఊరి ఆడపిల్లల్ని చెరబట్టాడు, గంగమ్మ వస్తుందని దాక్కున్నాడు. బైరాగి, బండ, తోటి అని రోజుకో వేషంలో వెతికింది. రేపు దొర వేషంలో వస్తే, నిజంగా దొరే అనుకుని బయటికొస్తాడు. తల తెగుతుంది. ప్రతి ఏడూ ఇంతే. ఈసారికి వదిలేద్దామని ఎవరైనా అడిగారా? మా చిత్తూరు పక్క భారతం జరిగితే నేల మీద మట్టితో చేసిన అంత పెద్ద దుర్యోధనుడు పడుకోనుంటాడు. పద్దెనిమిదో నాడు భీముడు తొడ మీద కొట్టాల్సిందే. చివరికి ఏమవుతుందో అందరికీ తెలుసు. అయినా చంకన పిల్లల్నేసుకుని వస్తారు.

మామ: బాగా చెప్పినావు. ఎల్లుండి ఏ వేషం?

కోడలు: మాతంగి.

మామ: మాతంగి వేషంలో గంగమ్మ యాడికి పోతాది?

కోడలు: పాలెగాడి పెళ్లాం దగ్గరికి.

మామ: ఎందుకు?

కోడలు: ...ఓదార్చడానికి.

మామ: తల నరికినామె, ఎవరినీ పంపకుండా తానే పోతాది. నరకొద్దని నేను అనలేదు పాపా. నరికినాక ఇంట్లో కూర్చున్నావు చూడు, దానికి నా కోపం. అప్పట్లో మద్రాసు మూర్ మార్కెట్ నుంచి పాత కామిక్స్ కట్టలు రైల్లో తెచ్చేవాడిని. వరస నెంబర్లు ఎప్పుడూ ఉండవు. ఒకసారి 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' నూట ఇరవై ఒకటి దొరికింది. 1973ది. గ్రీన్ గాబ్లిన్ అనే విలన్, స్పైడర్‌మ్యాన్ ప్రేమించిన గ్వెన్ స్టేసీని వంతెన మీంచి తోసేస్తాడు. స్పైడర్‌మ్యాన్ దారం విసిరి కాలు పట్టుకుంటాడు. హమ్మయ్య అనుకుని పేజీ తిప్పితే, పైకి లాగింది శవాన్ని. గాబ్లిన్ ఏమంటాడు? పడినప్పుడే పోయింది అంటాడు. కానీ బొమ్మలో ఆ పిల్ల మెడ పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో 'స్నాప్' అని ఉంది. నేను భూతద్దం పెట్టి చూసినా. ఎవరు చంపినట్టు? అంగడికి వచ్చిన ప్రతి పిల్లోడినీ అడిగినా.

కోడలు: ఆ జవాబు నూట ఇరవై ఐదులో ఉంది.

మామ: ఆ నెంబరు నాకు దొరకలేదు! నువ్వు పోయిన సంక్రాంతికి ఫోన్‌లో చూపించే దాకా నాకు తెలీదు. ఉత్తరాల పేజీలో రాయ్ థామస్ రాసినాడు. పడటం వల్ల కాదు, దారం ఒక్కసారిగా ఆపేసినందుకు మెడ విరిగిందని. వేరే దారీ లేదు, ఏమీ చేయకపోయినా చచ్చేదే అని. ఎంత కష్టమైన మాట అది! కథ మార్చలేదు, క్షమించమనలేదు. చంపింది హీరో చెయ్యే అని ఒప్పుకున్నాడు. అది మాతంగి వేషం. మంచి సంపాదకుడు చేయాల్సింది అంతే. నీకొచ్చిన ఉత్తరాల్లో బూతులున్నవి పారెయ్. బూతు లేనిది ఒక్కటి కూడా రాలేదా?

కోడలు: ఒకటి వచ్చింది. నాలుగు పేజీలు. చేతిరాత. కింద 'ఒక పాఠకుడు, తిరుపతి' అని ఉంది.

(దాన్ని పోస్టు చేసింది నేనే. శనక్కాయల మీదే చూపు నిలిపాను.)

మామ: ఏమడిగినాడు?

కోడలు: ఒకటే ప్రశ్న. దర్జీ తాత కొండ మీంచి పడి పోయాడా, హీరో విసిరిన తాడు లాగి పోయాడా అని. 'ళ' చూడగానే తెలిసింది మామా. అంగడి రిజిస్టరులో బాకీలన్నీ ఆ 'ళ'తోనే కదా రాసేవాడివి.

మామ: తెలిసి కూడా రాయలేదా?

కోడలు: ఏం రాయను? బొమ్మ వేసినాయన ఆ గడిలో తాత మెడ దగ్గర చిన్నగా ఒక చప్పుడు రాసిచ్చాడు. అచ్చుకు పోయే ముందురోజు నేనే తీయించేశాను. గ్వెన్ స్టేసీ కథ కాపీ అంటారని ఒక భయం. హీరోనే చంపాడని తెలిస్తే మీరంతా ఏమైపోతారోనని ఇంకో భయం. ఆ చప్పుడు ఉండుంటే నువ్వు ఉత్తరం రాసే పనే లేదు.

(నాన్న చాలాసేపు మాట్లాడలేదు. డప్పులు సందు మలుపు దాటిపోయాయి.)

మామ: ఏం చప్పుడు అది?

కోడలు: పుటుక్.

మామ: పుటుక్ అంటే దారం తెగిన చప్పుడు పాపా. అక్కడ తాడు తెగలేదు కదా.